ఫిల్మ్‌నగరు పలుకులలో ఆంగ్ల వ్యాకరణము

జూబ్లీహిల్స్ కొండవాలున రామానాయుడు స్టూడియో మొదలగు చిత్రనిర్మాణశాలలు వెలసిన ఫిల్మ్‌నగరులో నిత్యము వినవచ్చు పలుకులనే గమనించినచో, ఆంగ్లమున క్రియలును నామములును రూపాంతరము నొందు విధము అభ్యర్థులకు సుబోధకమగును. ‘యాక్ట్’ భూతకాలమున ‘యాక్టెడ్’ అగుట సామాన్యనియమము. ‘షూట్’ అచ్చు మార్చుకొని ‘షాట్’ అగును. ‘కట్’ మాత్రము, డైరెక్టరు ఎంత గట్టిగా అరచినను, మూడు రూపములందును ‘కట్’గానే నిలుచును.

పరీక్షాధికారులకు ప్రీతిపాత్రమైన చిక్కు మరియొకటి కలదు. ‘ఆర్‌ఆర్‌ఆర్’ చిత్రములోని ‘నాటు నాటు’ పాటకు 2023లో కీరవాణి, చంద్రబోసులు ఆస్కారు గెలిచిరి. ఈ వాక్యమును ఆంగ్లమున వ్రాయునపుడు ‘ఇన్ 2023’ అని గతించిన కాలమును నిర్దేశించినచో ‘వన్’ అనవలెనే గాని ‘హావ్ వన్’ అనరాదు. సంవత్సరమును ప్రస్తావింపక, నేటికిని ఆ గౌరవము వారిదే యను భావమున చెప్పునపుడు ‘హావ్ వన్’ ఒప్పును.

బహువచనమున ‘స్టూడియో’కు ‘ఎస్’ చేర్చిన చాలును. ‘హీరో’కు ‘ఈఎస్’ కావలెను, ఏలనన అందు ‘ఓ’కు ముందు హల్లున్నది. అయినను ‘ఫొటో’ హల్లుండియు ‘ఎస్’నే కోరును గనుక ఈ సూత్రమును గుడ్డిగా నమ్మరాదు. ‘మీడియం’ ‘మీడియా’ అగును. ‘సిరీస్’ రెండు వచనములందును మార్పెరుగదు.