నీలం పూలు గులాబీ రంగులోకి ఎందుకు మారతాయి?

నర్సరీలో నీలంగా చూసి కొన్న హైడ్రేంజియా, మరుసటి ఏడాది మన కుండీలో గులాబీ రంగులో పూస్తుంది. నర్సరీవాళ్లు మోసం చేశారనుకునేవారు చాలామంది. మొక్క అదే. మారింది దాని వేళ్ల చుట్టూ ఉన్న మట్టి, మనం పోసే నీళ్లు.

ఊటీ, కొడైకెనాల్, డార్జిలింగ్ తోటల్లో బంతుల్లా గుత్తులు పూసే ఈ మొక్క స్వస్థలం జపాన్. శాస్త్రీయ నామం హైడ్రేంజియా మాక్రోఫిల్లా. గుత్తిలో రంగురంగుల రేకుల్లా కనిపించేవి నిజానికి రక్షక పత్రాలు. నీలం పూలలోనూ గులాబీ రంగు పూలలోనూ ఉండే వర్ణకం ఒక్కటే, డెల్ఫినిడిన్ అనే ఆంథోసయనిన్ రకం. దానికి అల్యూమినియం అయాన్లు తోడైతే నీలం కనిపిస్తుంది, లేకపోతే గులాబీ.

మట్టిలో అల్యూమినియానికి కొదవ లేదు. కానీ అది నీటిలో కరిగి వేళ్లకు అందాలంటే మట్టి ఆమ్లంగా ఉండాలి. పీహెచ్ సుమారు 5.5 కంటే తక్కువుంటే కరుగుతుంది, 6.5 దాటితే దాదాపు అందదు. బడిలో చదివిన లిట్మస్ పాఠం ఇక్కడ తిరగబడుతుందన్నమాట. ఆమ్లంలో నీలం, క్షారంలో గులాబీ. తెల్లపూల రకాల్లో ఈ వర్ణకమే ఉండదు కాబట్టి, ఏం చేసినా అవి నీలంగా మారవు.

బకెట్ అంచుల్లో తెల్లటి పొర కట్టే బోరు నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువ. రోజూ అవే పోస్తుంటే మట్టిలోని ఆమ్లత్వం క్రమంగా తగ్గుతుంది. కుండీలో మట్టి కొంచెమే కాబట్టి ఈ మార్పు నేలలో కంటే త్వరగా వస్తుంది. సిమెంటు కుండీ అయితే దాని సున్నం కూడా తోడవుతుంది. ఆర్వో యంత్రం వదిలేసే నీటిలో లవణాలు మరీ చిక్కగా ఉంటాయి, అవి అసలు వద్దు.

నీలం కావాలంటే వాననీరు పట్టి పోయడం మేలు. అల్యూమినియం కోసం ఇంట్లోని పటిక చాలు. మొగ్గలు కనిపించినప్పటి నుంచి రెండు మూడు వారాలకోసారి, లీటరు నీటికి 3 గ్రాములు మించకుండా కరిగించి, ముందే తడిపిన మట్టిలో పోయాలి. మోతాదు పెరిగితే వేళ్లు దెబ్బతింటాయి. ఎముకల పొడి, సూపర్ ఫాస్ఫేట్ వేయకండి, వాటిలోని భాస్వరం అల్యూమినియాన్ని పట్టేస్తుంది. విచ్చిన పువ్వు రంగు ఎలాగూ మారదు, తర్వాతి పూతలోనే ఫలితం చూడాలి.

కుండీ కనీసం 12 అంగుళాలది, అడుగున రంధ్రాలున్నది కావాలి. గులకరాళ్లు పరిస్తే నీరు బాగా దిగుతుందనేది అపోహే. మట్టి రేణువుల మధ్య సన్నని సందులు నీటిని కేశనాళికల్లా పట్టి ఉంచుతాయి, రాళ్ల పొర ఆ తడిని ఇంకా పైకి జరుపుతుంది. మధ్యాహ్నం ఆకులు వేలాడినా కంగారు వద్దు. వేళ్లు అందించే నీటి కంటే ఆకుల నుంచి ఆవిరయ్యేది ఎక్కువైనప్పుడు అలాగే అవుతుంది. తెల్లారేసరికి కోలుకోకపోతే మట్టిని వేలితో చూడండి. పొడిగా ఉంటే దాహం. తడిగానే ఉంటే వేరుకుళ్లు కావచ్చు, అప్పుడు నీళ్లు పోస్తే ఇంకా చెడుతుంది. ఉదయపు ఎండ, తర్వాత నీడ దీనికి సరిపోతాయి. ఆకులు విషపూరితం, మేకలకూ కుక్కలకూ అందనివ్వకండి.

పూమొగ్గలు పట్టడానికి కొన్ని వారాల చల్లదనం కావాలి. అందుకే బెంగళూరులో పూసినట్టు విజయవాడలో పూయదు. చాలా రకాల్లో పోయిన ఏడాది కొమ్మల మీదే మొగ్గలు వస్తాయి కాబట్టి, కత్తిరింపు పూలు వాడగానే చేసేయాలి. చలికాలంలో కత్తెర పెడితే రాబోయే పూలనే కోసేసినట్టు.