ఇంటికంతటికీ ఒకే డిస్కు

మెదక్‌లో మాది మూడు తరాలు కలిసి ఉండే ఇల్లు. ఎవరి ఫోన్ వారిది, ఎవరి ఫొటోలు వారివి. భూమి కాగితాల స్కాన్ ఒకరి ల్యాప్‌టాప్‌లో, పెళ్ళి వీడియో ఇంకొకరి పెన్‌డ్రైవ్‌లో ఉండేవి. వీటన్నిటినీ ఒకచోట చేర్చి, ఇంట్లో ఎవరైనా వైఫై మీద తెరిచి చూసుకునే ఏర్పాటు చేయించి కొన్నేళ్ళయింది. చుట్టాలు, ఇరుగుపొరుగు వచ్చి అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు కాగితాలు, తర్వాతే యంత్రం.

ఏ పెట్టె కొనాలన్నది మొదటి ప్రశ్న కాదు. ఏవి పోతే తిరిగి రావో రాసుకోండి. మా జాబితాలో మొదట పాత పట్టాదారు పాస్‌బుక్, పహాణీ నకళ్ళు ఉన్నాయి. భూమి రికార్డులకు 2020 అక్టోబరులో ధరణి పోర్టల్ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. పోర్టల్ మారినప్పుడల్లా పాత కాగితం చేతిలో ఉన్న రైతుకే అడిగే బలం ఉంటుంది. ఆ తర్వాత సర్టిఫికెట్లు, ఆస్పత్రి రిపోర్టులు, పోయిన పెద్దల గొంతు రికార్డులు.

ఫొటోల సంగతి వేరుగా చెప్పాలి. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన మన మెదక్ చర్చికి 2024 క్రిస్మస్‌తో నూరేళ్ళు నిండాయి. ఆ క్రిస్మస్ నాడు ఊళ్ళో ప్రతి చేతిలోనూ ఫోనే. ఆ ఫొటోలు ఇంకో నూరేళ్ళకు మన మునిమనవళ్ళకు కావాలి. ఫోన్ మారితే అవి నిలవవు. గూగుల్‌లో దాద్దామంటే ఉచితంగా దొరికేది 15 జీబీ, అందులోనే మెయిల్ కూడా. 2021 జూన్ 1 నుంచి ఫొటోలనూ ఆ లెక్కలోనే కలిపేశారు.

2. పాత ల్యాప్‌టాప్ చాలు.

ఇంట్లో అందరికీ ఫైళ్ళు పంచేందుకే తయారుచేసిన పెట్టెలు బజారులో ఉన్నాయి, మంచివే. కానీ డిస్కులతో కలిపితే ధర ఎక్కువ. అన్నిటికంటే చవకైన దారి, రౌటర్ వెనక యూఎస్‌బీ సందు ఉంటే అందులో డిస్కు గుచ్చడం. అయితే చాలా రౌటర్లలో అది నెమ్మది. పైగా కొన్ని పాత రౌటర్లు ఎస్‌ఎంబీ అనే పద్ధతి మొదటి వెర్షన్‌తోనే ఫైళ్ళు పంచుతాయి. 2017 మేలో ప్రపంచమంతటా కంప్యూటర్లకు తాళం వేసిన వానాక్రై వైరస్ పాకింది ఆ పాత వెర్షన్‌లోని లోపం పట్టుకునే. దాని జోలికి పోవద్దు.

మూలన పడి ఉన్న ల్యాప్‌టాప్ మీద లినక్స్ వేసి, ఓపెన్‌మీడియావాల్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే పని జరుగుతుంది. లోపలి డిస్కులో సాఫ్ట్‌వేర్, బయట గుచ్చిన డిస్కులో మన ఫైళ్ళు. విండోస్‌కూ ఫోన్‌కూ అర్థమయ్యేలా ఫైళ్ళు అందించేది అందులోని సాంబా. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి 1990ల మొదట్లో మొదలుపెట్టి అందరికీ ఉచితంగా ఇచ్చిన పని అది. అలాంటి వాళ్ళ పుణ్యానే మన లాంటి ఇళ్ళకు ఇది అందింది.

పాత డెస్క్‌టాప్ వాడాలనుకుంటే కరెంటు లెక్క చూసుకోండి. 60 వాట్ల యంత్రం రాత్రీపగలూ నడిస్తే నెలకు 43 యూనిట్లు. 15 వాట్ల ల్యాప్‌టాప్ అయితే 11. రాస్ప్‌బెర్రీ పై ఇంకా తక్కువ తాగుతుంది.

3. కరెంటు పోతుందని తెలిసే పెట్టుకోండి.

ల్యాప్‌టాప్‌కు నేను ఓటు వేసేది ముఖ్యంగా ఇందుకే. బ్యాటరీ అరగంట నిలిచినా చాలు, రాస్తున్న డిస్కు అర్ధాంతరంగా ఆగదు. బ్యాటరీ ఉబ్బితే మాత్రం వెంటనే తీసేయాలి. చిన్న సైజు, అంటే రెండున్నర అంగుళాల డిస్కు యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తుంది. మూడున్నర అంగుళాలదానికి వేరే అడాప్టర్ కావాలి, కరెంటు పోతే ల్యాప్‌టాప్ బతికినా అది ఆగిపోతుంది. వేసవి చివర ఉరుములు మొదలైతే ప్లగ్గు, ఫోన్ లైను లేదా ఫైబర్ పెట్టె అడాప్టర్, అన్నీ పీకేయండి. పిడుగుకు ఇన్వర్టర్ అడ్డం రాదు.

డిస్కును ఏ పద్ధతిలో ఫార్మాట్ చేశారో కూడా అడగండి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన పెళ్ళి వీడియో ఎక్కనే ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఎక్కుతుంది గాని, హఠాత్తుగా కరెంటు పోతే తట్టుకునే జర్నల్ దానికి లేదు. లినక్స్ మీద ఈఎక్స్‌టీ4 మేలు.

4. రౌటర్‌కూ యంత్రానికీ మధ్య కేబుల్ వేయండి.

రెండు పక్కలా వైఫై అయితే వేగం సగానికి పడిపోతుంది. పాత రౌటర్ల 100 మెగాబిట్ సందులో సెకనుకు 11, 12 ఎంబీలకు మించి పోవు. 4 జీబీ ఫైలుకు ఆరు నిమిషాలు. ఇంటికి అది సరిపోతుంది. రౌటర్ సెట్టింగుల్లో యంత్రానికి ఎప్పుడూ ఒకే అడ్రసు వచ్చేలా కట్టేయించండి.

5. చూడటం అందరికీ, చెరపడం ఒకరికే.

దీన్ని చాలామంది పట్టించుకోరు, నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో విండోస్ నుంచి చెరిపిన ఫైలు మామూలుగా రీసైకిల్ బిన్‌లోకి పోదు, నేరుగా పోతుంది. చిన్నపిల్లాడి వేలు తగిలితే చాలు. ఒకరి ల్యాప్‌టాప్‌కు వైరస్ పట్టినా, ఆ ల్యాప్‌టాప్ రాయగలిగే ఫోల్డర్లన్నిటినీ అది పాడుచేస్తుంది. అందుకే రెండు ఫోల్డర్లు పెట్టించండి. ఒకటి అందరూ పడేసేది, ఇంకొకటి చూడటానికి మాత్రమే. నెలకోసారి ఇంట్లో ఒక్కరు మొదటిదాంట్లోంచి ఏరి రెండోదాంట్లో పెట్టాలి. మా ఇంట్లో ఆ పని కోడలిది, చక్కగా చేస్తుంది.

హైదరాబాద్ నుంచి కూడా చూడాలని పిల్లలు అడుగుతారు. అందుకోసం రౌటర్‌లో బయటి తలుపు, అంటే పోర్టు, తెరవనివ్వకండి. కావాలంటే ఇంటి నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి వేసే వీపీఎన్ పెట్టించండి.

6. డబ్బు పెట్టాల్సింది రెండో డిస్కు మీద.

యంత్రం మీద మిగిల్చింది ఇక్కడ ఖర్చు చేయండి. ఒకే పెట్టెలో రెండు డిస్కులు జంటగా నడిపితే బ్యాకప్ అయిందనుకుంటారు. కాలేదు. ఒకదాంట్లో చెరిపితే రెండోదాంట్లోనూ ఆ క్షణమే చెరుగుతుంది. నీళ్ళొస్తే రెండూ కలిసే మునుగుతాయి. 2025 ఆగస్టు చివర్లో మెదక్, కామారెడ్డి జిల్లాల్లో పడ్డ వాన చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. రెండో డిస్కు వేరే ఊళ్ళో ఉండాలి. మాది సిద్దిపేటలో మా బిడ్డ ఇంట్లో ఉంటుంది. శివరాత్రికి ఏడుపాయల జాతరకు వచ్చినప్పుడు ఒకసారి, దసరాకు ఒకసారి తెస్తుంది. కొత్తవన్నీ ఎక్కించి, నాలుగు ఫైళ్ళు తెరిచి చూసి మళ్ళీ ఇచ్చి పంపుతాం. తెరిచి చూడని నకలును నమ్మకండి.

7. నోటుబుక్కులో రాసి పెట్టండి.

యంత్రం అడ్రసు, ఎవరి పాస్‌వర్డ్ ఏది, ఆపే పద్ధతి, రెండో డిస్కు ఎవరి దగ్గర ఉంది. ఇవన్నీ తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి, భూమి కాగితాలున్న బీరువాలోనే పెట్టండి. తర్వాత యంత్రం పెట్టినవాళ్ళు కాకుండా ఇంట్లో ఇంకొకరిని కూర్చోబెట్టి, ఆ పేజీ చూసి ఒక ఫొటో తెరవమనండి. ఎక్కడ ఆగిపోతారో అక్కడ ఇంకో వాక్యం చేర్చండి.