జననాంగాల మీద పులిపిర్లు: దంపతులు తెలుసుకోవలసిన సంగతులు



చేతి మీద పులిపిరి లేస్తే పది మందికీ చూపిస్తాం. ఒకరు సున్నం పెట్టమంటారు, ఇంకొకరు గుర్రపు వెంట్రుకతో బిగించి కట్టమంటారు. అదే పులిపిరి మర్మస్థానంలో లేస్తే మాత్రం నోరు విప్పం. భార్య భర్తకు చెప్పదు, భర్త భార్యకు చెప్పడు. డాక్టరుకు ఇద్దరూ చెప్పరు. ఈ లోపల ఒకటిగా వున్నది పదవుతుంది, ఒకరికి వున్నది ఇద్దరికీ అవుతుంది. అందుకే ఈ జబ్బు గురించి సిగ్గు కాస్త పక్కన పెట్టి నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఏమిటీ పులిపిర్లు?

ఇవి పురుషాంగం మీద, ముందోలు లోపల, వృషణాల సంచి మీద, గజ్జల్లో రావచ్చు. స్త్రీలకు యోని పెదవుల మీద, యోని లోపల, గర్భాశయ ముఖద్వారం మీద కూడా రావచ్చు. మలద్వారం చుట్టూ ఇద్దరికీ రావచ్చు. మొదట ఆవగింజంత వుంటాయి. తర్వాత కొన్ని గుంపుగా చేరి కోడిపుంజు జుట్టులాగా, కాలీఫ్లవరు లాగా పెరుగుతాయి. సాధారణంగా నొప్పి వుండదు. కొందరికి దురద, మంట వుంటాయి, ఒరుసుకుంటే రక్తం కనబడుతుంది. నొప్పి లేదు కదా అని ఊరుకోవటమే చాలామంది చేసే పొరపాటు.

ఎందువల్ల వస్తాయి?

వేడి చేసి రావు. పాపం వల్లనో, ఎవరి దిష్టి వల్లనో రావు. వీటికి కారణం మానవ పాపిలోమా వైరస్ అనే అతి సూక్ష్మమైన క్రిమి. దీన్నే హెచ్.పి.వి. అంటారు. ఇందులో 200కు పైగా రకాలున్నాయి. చేతులకు, కాళ్ళకు పులిపిర్లు తెచ్చే రకాలు వేరు, జననాంగాలకు వచ్చేవి వేరు. జననాంగాల పులిపిర్లు నూటికి 90 వంతులు 6, 11 అనే నంబర్ల రకాల వల్లనే వస్తాయి.

ఈ వైరస్ ముఖ్యంగా సంభోగ సమయంలో ఒకరి చర్మం మరొకరి చర్మానికి తగలటం వల్ల అంటుకుంటుంది. కంటికి పులిపిరి కనబడకపోయినా వైరస్ వున్న మనిషి నుంచి అంటవచ్చు. ఒకే పళ్ళెంలో తింటే, ఒకే చెరువులో స్నానం చేస్తే, పక్కన కూర్చుంటే రాదు. కాబట్టి జబ్బు వచ్చిన మనిషిని ఇంట్లో వేరుగా పెట్టవలసిన పని లేదు.

"ఎవరు తెచ్చారు?"

జబ్బు కన్నా ఈ ప్రశ్నే ఎక్కువ కాపురాలను కూల్చుతుంది. మా కేంద్రానికి ఒక భార్యాభర్తలు వచ్చారు. భార్యకు పులిపిర్లు కనబడగానే అత్తవారు ఆమెను అనుమానించి పుట్టింటికి పంపించారు. పరీక్ష చేస్తే భర్తకు కూడా ముందోలు లోపల రెండు చిన్న పులిపిర్లున్నాయి. అతను వాటిని ఎన్నడూ గమనించనే లేదు.

విత్తనం పడిన రోజే మొలక కనబడదు. ఈ వైరస్ కూడా అంతే. అంటుకున్న తర్వాత పులిపిరి బయటపడటానికి మామూలుగా 3 వారాల నుంచి 8 నెలలు పడుతుంది. కొందరిలో ఏళ్ళ తరబడి ఏ గుర్తూ లేకుండా వుండి తర్వాత లేస్తుంది. పెళ్ళికి ముందు ఎప్పుడో అంటినది కావచ్చు. ముందుగా ఎవరికి కనబడితే వారే తెచ్చారని కాదు. ఎప్పుడు అంటిందో, ఎవరి నుంచి అంటిందో ఏ పరీక్షా చెప్పలేదు. అందుచేత పులిపిరిని చూసి శీలానికి సాక్ష్యం చెప్పకండి. ఇద్దరూ కలిసి పరీక్షకు రండి.

సొంత వైద్యం వద్దు

సున్నం, నల్లజీడి రసం, యాసిడ్ పెట్టటం, బ్లేడుతో కోయటం, వెంట్రుకతో కట్టటం, ఇవేవీ చేయకండి. అక్కడి చర్మం చాలా మెత్తన. కాలి పుండు పడుతుంది, చీము పడుతుంది, మచ్చ మిగులుతుంది. చేతి పులిపిర్లకు దుకాణంలో అమ్మే మందు కూడా ఇక్కడ వాడకూడదు.

పైగా చూడటానికి పులిపిరిలా వున్నదల్లా ఇదే జబ్బు కాదు. సవాయి రోగంలో కూడా తడిగా, చదునుగా వుండే కాయలు వస్తాయి. దాని వైద్యం వేరు. కొన్ని చిన్న గింజలు సహజంగా వుండేవి, వాటికి వైద్యమే అక్కరలేదు. ఏది ఏమిటో డాక్టరు చూసి చెప్పాలి. సవాయికి, హెచ్.ఐ.వి.కి రక్తపరీక్ష కూడా ఈ సందర్భంలోనే చేయించుకోవటం మంచిది.

వైద్యం ఏమిటి?

డాక్టరు పులిపిరి మీద మాత్రమే తగిలేటట్లు మందు పూస్తారు, లేక అతి చల్లని ద్రవంతో గడ్డకట్టిస్తారు, లేక విద్యుత్తుతో కాలుస్తారు. పెద్దవాటిని కోసి తీసేస్తారు. చాలామందికి ఒక్కసారితో సరిపోదు, కొన్ని వారాలు తిరగవలసి వస్తుంది.

పొలంలో తుంగ సంగతి మీకు తెలుసు. పైన గడ్డి పీకితే పోయినట్లే వుంటుంది, లోపల గడ్డ వుంటే మళ్ళీ లేస్తుంది. వైద్యం పులిపిరిని తీసేస్తుంది గాని వైరస్‌ను ఒక్కసారిగా చంపదు. అందువల్ల, ముఖ్యంగా మొదటి 3 నెలల్లో, మళ్ళీ రావచ్చు. వస్తే నిరుత్సాహపడి మానేయకండి, మళ్ళీ రండి. చాలామందిలో రెండేళ్ళ లోపల శరీరమే ఈ వైరస్‌ను అణచివేస్తుంది.

కుటుంబ నియంత్రణ పాటించేవారు గమనించండి

"మాకు ఆపరేషన్ అయింది కదా, ఇంకేం భయం?" అని కొందరంటారు. ట్యూబెక్టమీ, వేసెక్టమీ, కాపర్ టి, మాత్రలు, ఇవన్నీ గర్భం రాకుండా కాపాడతాయి గాని సుఖవ్యాధుల నుంచి కాపాడవు. నిరోధ్ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. అయితే నిరోధ్ కప్పని చోట చర్మం తగులుతుంది కాబట్టి ఈ జబ్బు విషయంలో పూర్తి రక్షణ లేదు, ప్రమాదం మాత్రం తగ్గుతుంది. పులిపిర్లు వున్నన్నాళ్ళు కలయిక మానటం మంచిది. తగ్గిన తర్వాత కొన్ని నెలలు నిరోధ్ వాడండి.

గర్భవతులకు

కడుపుతో వున్నప్పుడు ఇవి త్వరగా పెరగవచ్చు. గాబరా పడకండి. చాలామందికి మామూలు కాన్పే అవుతుంది. పులిపిర్లు మరీ పెద్దవై దారికి అడ్డం వస్తేనో, రక్తం ఎక్కువగా పోయే ప్రమాదం వుంటేనో ఆపరేషన్ ఆలోచిస్తారు. బిడ్డకు గొంతులో పులిపిర్లు రావటం చాలా అరుదు. పోడోఫిలిన్ వంటి కొన్ని మందులు గర్భవతులకు పనికిరావు. కాబట్టి నెల తప్పిన సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

ఇది క్యాన్సరా?

కాదు. పులిపిర్లు తెచ్చే 6, 11 రకాలు సాధారణంగా క్యాన్సర్ తేవు. కాని ఇదే కుటుంబానికి చెందిన 16, 18 రకాలు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణం. ఈ సంబంధాన్ని కనిపెట్టిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక రకం అంటినవారికి మరొక రకం కూడా అంటి వుండవచ్చు. అందువల్ల పులిపిర్లు వున్నా లేకపోయినా 30 ఏళ్ళు దాటిన ప్రతి స్త్రీ గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి. పల్చని వెనిగరు వంటి ద్రవం పూసి, ఒక నిమిషం ఆగి చూసే తేలిక పరీక్ష ఇది. కోత లేదు.

టీకా వుందా?

వుంది. మన దేశంలో తయారైన సెర్వావాక్ టీకాకు 2022లో అనుమతి లభించింది. ఇది 6, 11, 16, 18 రకాలను అడ్డుకుంటుంది. 9 నుంచి 14 ఏళ్ళ వయసులో, అంటే కాపురానికి చాలా ముందే, వేయిస్తే ఎక్కువ ఫలితం వుంటుంది. ఆ వయసువారికి 6 నెలల ఎడంతో 2 మోతాదులు. వచ్చిన పులిపిరిని టీకా తగ్గించదు. మీకు కాకపోయినా మీ ఆడపిల్లకు పనికివస్తుంది. మీ ఊరి ఏ.ఎన్.ఎం. గారిని అడగండి.

చివరిగా ఒక మాట

ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రండి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుఖవ్యాధుల కోసం సురక్ష క్లినిక్‌లున్నాయి. మీరు చెప్పిన సంగతి రహస్యంగా వుంచటం మా బాధ్యత. చదవటం రాని పొరుగువారికి ఈ కాగితం చదివి వినిపించండి. పైన చెప్పిన ఆ భార్యాభర్తలు ఆరు వారాలు వరసగా వచ్చారు, ఇద్దరికీ తగ్గింది. ఇప్పుడు ఆమె అత్తవారింట్లోనే వుంది.

అనుమానం వుంటే ఆలస్యం చేయకండి. ఒక్కరు కాదు, ఇద్దరూ రండి.