మొక్కుబడియు, శరణాగతియు

“ఆపద మొక్కులు, సంపద మరపులు” అని తెలుగువారిలో ఒక సామెత కలదు. కష్టము వచ్చినపుడు దేవునికి మొక్కుట, అది తీరిన పిమ్మట మరచుట మానవ స్వభావమని దీని భావము. ఎత్తిపొడుపుగా పుట్టినను ఈ సామెత వెనుక ఒక గంభీరమైన ప్రశ్న దాగియున్నది. దేవునితో బేరమాడవచ్చునా? సర్వమును ఇచ్చినవానికి మనమేమి ఇచ్చి మరియేమి కొనగలము? బేరమాడుట ఆయన ప్రేమయందు అపనమ్మకమా, లేక ఆ ప్రేమపై గల చనువా? ఏడుకొండల నీడలో నివసించు మనకు ఇది కేవలము పండితుల చర్చ కాదు. ప్రతి ఇంటను ఎదురగు విషయము.

మొక్కు స్వరూపము

మన ప్రాంతమున ఇంట ఎవరికైనను జబ్బు చేసినచో, పసుపు గుడ్డలో కాసు ముడివేసి దేవుని పటము ముందుంచుదురు. ఇదియే ముడుపు. కోరిక తీరిన తరువాత తిరుమలకు పోయి దానిని హుండీలో వేయుదురు. కళ్యాణకట్టలో తలనీలాలు సమర్పించువారు, బిడ్డ ఎత్తు బెల్లమో నాణెములో తూచి తులాభారమిచ్చువారు, ఒంటిమీది నగలన్నియు తీసి నిలువుదోపిడి ఇచ్చువారు, అలిపిరి నుండి మెట్టుమెట్టునకు పసుపు కుంకుమ పెట్టుచు కొండ ఎక్కువారు - వీరిలో పెక్కుమంది ఒకనాడు దేవునికి మాట ఇచ్చినవారే. “నా బిడ్డకు నయమైతే”, “ఈ ఏడు వానలు పడితే” అని ఆ మాట మొదలగును. ఈ ‘అయితే’ అను చిన్న పదమునందే మొక్కు రహస్యమంతయు ఉన్నది. అది ఉన్నంతవరకు మొక్కు ఒక ఒప్పందము.

అన్ని మతములందును

ఇది ఒక్క మతమునకు పరిమితమైనది కాదు. ఇస్లాములో మొక్కును ‘నజర్’ అందురు. షరతుతో కూడిన నజర్‌ను ముహమ్మద్ ప్రవక్త ప్రోత్సహింపలేదు. అది విధిని మార్చజాలదనియు, లోభి చేతినుండి కొంత ధనము వెలికి తీయుటకే పనికివచ్చుననియు ఆయన బోధించినట్లు హదీసులు తెలుపుచున్నవి. అయినను ఇచ్చిన మాటను నెరవేర్చువారిని ఖురాను ప్రశంసించినది. మర్యం తల్లి తన గర్భమందలి శిశువును దేవుని సేవకు అర్పించిన వృత్తాంతమును కూడ ఖురాను చెప్పుచున్నది. ఆ మొక్కులో ‘అయితే’ లేదు.

ఇబ్రాహీం ప్రవక్త బేరము లోకప్రసిద్ధము. లూతు జనుల పట్టణము నశింపనున్నదని తెలిసినపుడు, అందు యాభైమంది సజ్జనులున్నచో రక్షింపవా అని ఆయన దేవుని అడిగెను. ఆ సంఖ్యను తగ్గించుచు తగ్గించుచు పదికి తెచ్చినట్లు బైబిలులోని ఆదికాండము చెప్పుచున్నది. ఖురాను కూడ ఆయన వాదించెనని చెప్పి, ఆయనను మృదుహృదయుడని కొనియాడినది. ఈ బేరమున ఆయన తనకొరకు అడిగినది ఏమియు లేదు; బదులుగా ఇచ్చెదనన్నదియు లేదు. దేవుని దయపై నమ్మకమే ఆయన పెట్టుబడి.

భక్తుని చనువు

మన తెలుగునాట కంచెర్ల గోపన్న కథ ఇట్టిదే. సర్కారు పన్ను సొమ్ముతో భద్రాచలమున రామాలయము నిర్మించినందుకు గోలకొండ సుల్తాను తానీషా ఆయనను చెరలో ఉంచెను. చెరసాలలో రామదాసు రాముని బతిమాలుటతో తృప్తిపడలేదు. చేయించిన నగలకు లెక్కలు చెప్పి నిలదీసెను. పిదప నిందించిన నోటితోనే మన్నింపు వేడెను. పరాయివానితో ఎవడును ఇట్లు కలహింపడు. బిడ్డ తల్లి కొంగు పట్టుకొని మారాము చేయుట వ్యాపారము కాదు గదా! కనుక దేవునితో బేరమాడుటయే అవిశ్వాసమని తీర్పు చెప్పుట తొందరపాటు. అడుగువానికి ‘వినువాడొకడున్నాడు’ అను నమ్మకము ముందే కలదు.

భయమునకు కారణము

మరి దోషమెచ్చట ఉన్నది? దేవుని వడ్డీ వ్యాపారిగా భావించుటలో ఉన్నది. తరచు కరవులకు గురియగు రాయలసీమలో అప్పు అనగా నేమో మనకెరుకయే. వాన లేక పంట పోయినను వడ్డీ ఆగదు. ఆ అనుభవమునే మనము దేవునిపైకి తీసికొనిపోవుచున్నాము. మొక్కు చెల్లించుట ఆలస్యమైనందువలననే కీడు కలిగెనని ఇంటిల్లిపాదియు వణకుదురు. కోరిక తీరనిచో, తాము మొక్కినది చాలలేదేమోయని కుమిలిపోదురు. బిడ్డను కోల్పోయిన తల్లికి ఇంతకంటె క్రూరమైన శిక్ష కలదా?

ఇచ్చట ఒక విశేషము గమనింపదగినది. నారాయణవనమున పద్మావతీ కళ్యాణము కొరకు శ్రీనివాసుడు కుబేరుని యొద్ద అప్పు చేసెననియు, కలియుగాంతము వరకు దానికి వడ్డీ కట్టుచుండుననియు స్థలపురాణ గాథ. ఈ గాథలో దేవుడు అప్పు ఇచ్చినవాడు కాడు, అప్పుపడినవాడు! అప్పులో చిక్కిన రైతు కష్టము తెలిసినవానిగా మన పెద్దలు ఆయనను భావించిరి. అట్టివానికి భయపడుటెందులకు?

తీర్చబడు ఋణము

మొక్కు మంచి మార్గమున సాగినపుడు ఎట్లుండునో పొరుగున నెల్లూరులో చూడవచ్చును. మొహర్రం మాసమున బారాషహీద్ దర్గా చెంత, స్వర్ణాల చెరువు గట్టున రొట్టెల పండుగ జరుగును. విద్య రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె అని కోరికను బట్టి పేర్లు. కోరిక గలవారు రొట్టె స్వీకరింతురు. అది తీరినవారు మరల వచ్చి, అదే కోరికతో వచ్చిన మరియొకరికి రొట్టె ఇత్తురు. హిందువులు, ముస్లిములు అను భేదము అచ్చట లేదు. ఇందు ఋణము తీరునది సాటి మానవుని చేతిలో.

తిరుమలలో 1985లో ఆరంభమైన నిత్యాన్నదానమునందును ఇదే ధర్మము కనబడును. ఒకరు కృతజ్ఞతతో ఇచ్చిన సొమ్ము ముఖమెరుగని మరియొకరి విస్తరిలో అన్నమగుచున్నది. దేవస్థానము నడుపు విద్యాలయములలో చదువు విద్యార్థుల వెనుక కూడ ఎవరి ముడుపులున్నవో ఎవరెరుగుదురు?

శరణాగతి

శ్రీవైష్ణవ ఆచార్యులు శరణాగతిని రెండు ఉపమానములతో వివరించిరి. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనును. పిల్లికూనను తల్లియే నోట కరచుకొని మోయును. మొదటిది మర్కటకిశోర న్యాయము. రెండవది మార్జాలకిశోర న్యాయము. బస్రాకు చెందిన సూఫీ సాధ్వి రాబియా ఒక చేత నిప్పును, ఒక చేత నీటిని పట్టుకొని తిరిగెనట. స్వర్గమును కాల్చి, నరకమును ఆర్పివేసినచో, లాభమునకో భయమునకో గాక దేవుని దేవునికొరకే ప్రేమింతురని ఆమె భావము.

తరిగొండ వెంగమాంబ (1730–1817) జీవితమును తలచుకొనుడు. బాల్యముననే వైధవ్యము ప్రాప్తించెను. లోకము దృష్టిలో ఆమెకు దేవుడు ఇచ్చినదేమియు లేదు. అయినను ఆమె ఆయనను విడువక తిరుమల చేరి, కావ్యములు రచించెను. నేటికిని ఏకాంతసేవలో ఆమె పేర ముత్యాలహారతి జరుగుచున్నది. అడిగినది దొరకనప్పుడు నిలిచిన ప్రేమయే ప్రేమ.

విద్యార్థులారా! పరీక్షలకు ముందు మొక్కుకొనుట తప్పు కాదు. కాని ఒంటెను కట్టివేసి, ఆపై దేవుని నమ్ముమని ప్రవక్త బోధ. చదువుట మన వంతు. తప్పినవానిని దేవుడు విడిచెనని తలంపకుడు; గెలిచినవాడు దేవుని కొనితినని గర్వింపరాదు. మొక్కు ‘అయితే’తో మొదలుకావచ్చును, ‘అయినను’ అను మాటకు చేరినపుడే అది ప్రార్థన అగును. “ఇచ్చినను, ఇవ్వకున్నను నేను నీవాడనే” అనగలిగిన నాడు ముడుపు కట్టుటకు భయము అవసరము లేదు; కృతజ్ఞత చాలును.