ఓర్పు పండించు తోట

సిద్దిపేట జిల్లా ములుగులో 2014లో స్థాపింపబడిన ఉద్యాన విశ్వవిద్యాలయము కలదు. అది శ్రీ కొండా లక్ష్మణ్ పేర వెలసినది. ఉద్యాన విద్యార్థులు చివరి సంవత్సరమున స్వయముగా పని చేసి అనుభవము గడింపవలెను.

అట్టివారు సేంద్రియ సేద్యమునకు పూనుకొనినచో మొదట నేలను బాగుచేయుదురు. ఎకరమునకు 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల గోమూత్రము, రెండేసి కిలోల బెల్లము, పప్పుపిండి, గుప్పెడు గట్టుమట్టి కలిపి నీడలో నుంచుదురు. ఇదియే జీవామృతము.

కాని రసాయనములు మానిన వెంటనే పంటకు సేంద్రియ ధ్రువపత్రము లభింపదు. జాతీయ నియమముల ప్రకారము కూరగాయలకు రెండేండ్లు, మామిడి వంటి తోటలకు మూడేండ్లు నేల వేచియుండవలెను. అంతలో విద్యార్థి పట్టము పుచ్చుకొని వెడలిపోవును. ఫలము తరువాతి వారిది.

వంగతోటలో కాయతొలుచు పురుగు పడినదనుకొనుడు. రసాయనపు మందు చల్లినచో పంట దక్కవచ్చును. పూర్వవిద్యార్థుల శ్రమ మాత్రము ఒక్కదినమున వ్యర్థమగును. కావున పురుగు పట్టిన కొమ్మలను త్రుంచి, లింగాకర్షక బుట్టలు కట్టి, వేపగింజల కషాయము చల్లవలెను. కొంత పంట పోయినను నేల నిలుచును.

బాలలారా! తాము కోయని పంటకై నేలను కాపాడుటయే నిజమైన సేద్యము.