దొంగ ట్యాగు

సెలవులకి ఇండియా వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఏం జరుగుతుందో గుర్తుందా? కౌంటరు దగ్గర ఒక్కో పెట్టెకి ఒక ట్యాగు అంటిస్తారు. ఆ పెట్టె ఏ విమానం ఎక్కాలో ఆ ట్యాగే చెబుతుంది. మరి ఎవరైనా దొంగ ట్యాగు అంటిస్తే? అమ్మమ్మ కోసం కొన్న స్వెటర్ ఇంకో దేశం చేరుతుంది!

మన శరీరంలోని కణాల్లో కూడా ఇలాంటి ట్యాగు ఒకటి ఉంది. పేరు యుబిక్విటిన్. నోరు తిరగడం లేదా? యు-బి-క్వి-టిన్. రెండుసార్లు గట్టిగా అనండి, వచ్చేస్తుంది. అది 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. కణంలో ఒక ప్రోటీన్ పాడైతే దానికి ఈ ట్యాగులు అంటుకుంటాయి. అప్పుడు ప్రోటియాజోమ్ అనే యంత్రం దాన్ని ముక్కలు చేస్తుంది. ఈ సంగతి కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ట్యాగు పడితే చెత్తబుట్టకే అనుకోకండి. "ఇటు వెళ్లు", "శత్రువు లోపలికి వచ్చాడు" అని చెప్పే ట్యాగులు కూడా ఉన్నాయి.

ట్యాగు అంటించడానికి మూడు ఎంజైములు కావాలి. మొదటిది ఏటీపీ అనే ఇంధనం వాడి ట్యాగును సిద్ధం చేస్తుంది. రెండోది మోస్తుంది. మూడోది సరైన ప్రోటీన్‌ను చూసి అంటిస్తుంది.

ఇక దొంగ సంగతి.

1976 జులైలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో మాజీ సైనికుల సభ జరిగింది. వాళ్ల సంఘం పేరు అమెరికన్ లీజియన్. ఇళ్లకు వెళ్లాక చాలామందికి జ్వరం, దగ్గు, ఊపిరి ఆడకపోవడం. సభకు వచ్చినవాళ్లూ, ఆ హోటల్ దగ్గర తిరిగినవాళ్లూ కలిపి 221 మందికి జబ్బు చేసింది. 34 మంది చనిపోయారు. కారణం ఏమిటో నెలల తరబడి ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి 1977 జనవరిలో ఒక కొత్త బ్యాక్టీరియా దొరికింది. సంఘం పేరు మీదే దానికి లీజియోనెల్లా అని పేరు పెట్టారు.

ఇది నీళ్లలో ఉంటుంది. అక్కడ అమీబాలు దీన్ని మింగుతాయి, కానీ అరిగించుకోలేవు. ఇది వాటి లోపలే హాయిగా పెరుగుతుంది. పెద్ద భవనాల కూలింగ్ టవర్ల నుంచి సన్నని నీటి తుంపరలు గాలిలో కలుస్తాయి. వాటితో పాటు ఇది మన ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. అక్కడి కాపలా కణాలు కూడా అమీబాల్లాగే దీన్ని మింగేస్తాయి. ఇంకేం, దొంగకి తెలిసిన ఇల్లే!

లోపలికి వచ్చాక అది 300కు పైగా రకాల ప్రోటీన్లను కణంలోకి పంపుతుంది. వాటిలో ఒకటి ఎస్‌డీఈఏ. మూడు ఎంజైములు చేసే పనిని ఇది ఒక్కతే చేస్తుంది. ఏటీపీ కూడా అడగదు! ఈ సంగతి 2016లో బయటపడినప్పుడు శాస్త్రవేత్తలే ఆశ్చర్యపోయారు. ఇంకో తమాషా, లీజియోనెల్లాకి సొంత యుబిక్విటిన్ లేదు. మన ట్యాగునే తీసుకుని మన ప్రోటీన్లకే అంటిస్తుంది. అదీ వేరే పద్ధతిలో. అందుకే మన కణం దగ్గరున్న కత్తెరలు ఆ ట్యాగును ఊడదీయలేవు.

క్లాసులో ఒక అమ్మాయి అడిగింది:

"టీచర్ గారూ, అలా అంటిస్తూ పోతే కణం చచ్చిపోదా?"

"మంచి ప్రశ్న వేశావమ్మా. ఇల్లు కూలితే దొంగకీ నష్టమే కదా? అందుకే సిడ్‌జే అనే ఇంకో ప్రోటీన్‌ని కూడా పంపుతుంది. అది ఎస్‌డీఈఏని ఆపుతుంది."

"మరి బ్యాక్టీరియాలో ఉన్నప్పుడే ఆపేయదా?"

"ఆపలేదు. సిడ్‌జే పని చేయాలంటే కాల్‌మోడ్యులిన్ కావాలి. అది మన కణాల్లో ఉంటుంది, బ్యాక్టీరియాలో ఉండదు. అంటే తాళం దొంగది, తాళంచెవి మనది!"

ఈ జబ్బుకి ఇప్పుడు యాంటీబయాటిక్ మందులున్నాయి. తొందరగా గుర్తుపడితే చాలామందికి తగ్గిపోతుంది.

కొత్త మాటలు
కణం – శరీరంలోని అతి చిన్న జీవభాగం
తుంపరలు – చిన్న చిన్న నీటి చుక్కలు
అంతుపట్టలేదు – అర్థం కాలేదు
అరిగించుకోవడం – తిన్నది జీర్ణం చేసుకోవడం

చెప్పండి, రాయండి
1. కాపలా కణం లీజియోనెల్లాకి "తెలిసిన ఇల్లు" ఎలా అయింది?
2. సిడ్‌జే లేకపోతే ఏమవుతుంది? మూడు వాక్యాలు రాయండి.
3. ట్యాగుని మీ ఇంట్లో తెలుగులో ఏమంటారు? చీటీ అంటారా, ఇంకేదైనా మాట ఉందా? అమ్మమ్మనో తాతయ్యనో ఫోన్లో అడిగి రాసుకురండి.