తోక తెగినా పాడిన ఫైలు



కంప్యూటర్ పీరియడ్‌లో మనందరం నేర్చుకున్న సంగతే. ఫైలు పేరు చివర ఒక చుక్క ఉంటుంది, చుక్క తరువాత రెండో మూడో అక్షరాలు ఉంటాయి. డాట్ టి ఎక్స్ టి అంటే రాత, డాట్ జె పి జి అంటే బొమ్మ, డాట్ ఎం పి 3 అంటే పాట. దీన్ని ఎక్స్‌టెన్షన్ అంటారు. నేను మాత్రం ఇక్కడ తోక అనే రాస్తాను, చార్టు మీద చోటు కలిసొస్తుంది. ఫైలు జాతి ఏమిటో ఈ తోకే తేలుస్తుందని పోయిన సంవత్సరం దాకా నమ్మాను. ఆ నమ్మకం వల్ల మా నాయనమ్మ పాట కొద్దిలో పోయేది.

వేసవి సెలవుల్లో మా బాబాయి బటన్ ఫోన్ తీసుకుని నాయనమ్మ చేత నాట్ల పాట పాడించాను. మా భాషలో ఆ పాట మొదటి నుంచి చివరి దాకా వచ్చింది మా ఊళ్ళో ఆమె ఒక్కదానికే. ఆ తరువాత వానాకాలంలో ఆమెకు ఆయాసం పట్టుకుంది. ఇప్పుడు రెండు వరసలు కూడా పాడలేదు.

ఫోన్ ఆ ఫైలుకు ఏవో అంకెల పేరు పెట్టి చివర డాట్ ఎ ఎం ఆర్ అని తగిలించింది. నాకది చెత్తలా కనిపించింది. బడికొచ్చాక లాబ్‌లో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేటప్పుడు పాత పేరంతా చెరిపేసి 'నాయనమ్మ పాట' అని పెట్టాను. వినేలోపే బెల్లు కొట్టారు. మర్నాడు ఒక సారు గారి కంప్యూటర్‌లో పెట్టి నొక్కితే, అది విండోస్, దీన్ని దేనితో తెరవాలి అని తిరిగి నన్నే అడిగింది. సారు చూసి, "పాడైపోయిన ఫైలురా ఇది, తీసెయ్, చోటు దండగ" అన్నారు. తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. సాయంత్రం మన లాబ్‌లోని లినక్స్ కంప్యూటర్‌లో ఒక్కసారి నొక్కి చూశాను. నాయనమ్మ గొంతు వినిపించింది.

అదే ఫైలు. ఒక చోట చచ్చినట్టు, ఇంకో చోట బతికినట్టు ఎందుకుంది? నేను తెలుసుకున్నది చెప్తాను.

ఇవి రెండు వేరు వేరు వంశాలు. 1981లో వచ్చిన డాస్‌లో పేరుకు 8 అక్షరాలు, తోకకు 3 అక్షరాలు అని గీత గీశారు. డిస్కులోని పట్టికలో పేరుకో గడి, తోకకో గడి విడివిడిగా ఉండేవి. మధ్యలోని చుక్కను అసలు దాచేవారు కాదు, చూపించేటప్పుడు మాత్రం పెట్టేవారు! తరువాత విండోస్ 95తో పొడుగు పేర్లు వచ్చాయి గానీ, తోకను బట్టి ఫైలు తెరిచే అలవాటు పోలేదు.

యూనిక్స్ అంతకంటే పాతది. 1969లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టారు. అందులో పేరు మొత్తం ఒకటే ముక్క. తోకకు వేరే గడి లేదు. చుక్క కూడా అన్ని అక్షరాల్లాంటిదే. పేరులో రాకూడనివి రెండే: ఏటవాలు గీత ఒకటి, సున్నా విలువ గల బైటు ఒకటి. మొదట్లో పేరుకు 8 అక్షరాలే దక్కేవి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ యూనిక్స్ తీరులోనే లినక్స్ మొదలుపెట్టాడు. దానిలో ఇప్పుడు మామూలుగా 255 బైట్ల దాకా పేరు పెట్టవచ్చు. తెలుగులో పేరు పెడితే ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతానికి 3 బైట్లు ఖర్చవుతాయి. 'నాయనమ్మ పాట' అంటే 31 బైట్లు. కావాలంటే లెక్క వేసుకోండి, ఒత్తును, ఖాళీని మరిచిపోవద్దు. ఖాళీకి మాత్రం ఒక్క బైటే.

మరి తోక లేకపోతే లోపల ఏముందో ఎలా తెలుస్తుంది? మన హాస్టల్ ట్రంకు పెట్టెలు చూడండి. నా పెట్టె మీద తెల్ల పెయింటుతో మా అన్న పేరు, అన్న రోల్ నంబరు ఉన్నాయి. లోపల బట్టలు, పుస్తకాలు నావి. పెయింటు చదివినవాడు మా అన్న పెట్టె అంటాడు. మూత తీసినవాడికి అసలు సంగతి తెలుస్తుంది. యూనిక్స్‌లో మూత తీసి చూసే కమాండు ఒకటి 1973 నుంచే ఉంది. దాని పేరు కూడా 'ఫైల్' అనే. అది చాలా ఫైళ్ళను మొదట్లో ఉండే కొన్ని బైట్లను బట్టే గుర్తుపడుతుంది. పి ఎన్ జి బొమ్మ 137 అనే బైటుతో మొదలవుతుంది, ఆ వెంటనే పి, ఎన్, జి అక్షరాలు. జిప్ ఫైలు పి, కె అనే అక్షరాలతో. అవి దాన్ని తయారుచేసిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు. నా ఫైలు మీద ఆ కమాండు వాడితే మొబైల్ ఫోన్ మాటల రికార్డింగ్ అని చెప్పింది. 'హెడ్' కమాండుతో మొదటి వరుస తీసి చూశాను. అందులో #! గుర్తులు, వెనకే ఎ, ఎం, ఆర్. నేను చెరిపేసిన తోక లోపల భద్రంగానే ఉంది! మన లాబ్ కంప్యూటర్ తోక ఉంటే ముందు తోకనే చూస్తుంది, లేకపోతే ఇలా లోపలి బైట్లు చూస్తుంది. అందుకే పాట పాడింది.

ఆ #! గుర్తులకు ఇంకో పని కూడా ఉంది. డాస్‌లో ప్రోగ్రాం నడవాలంటే తోక ఇ ఎక్స్ ఇ, సి ఓ ఎం, బి ఎ టి లాంటిది కావాలి. యూనిక్స్‌లో అలా కాదు, ఆ ఫైలుకు నడిచే అనుమతి ఇవ్వాలి. మన రాతతో చేసిన ప్రోగ్రాం అయితే మొదటి వరుసలో #! పెట్టి, దీన్ని ఫలానా వాడు చదివి నడపాలి అని రాస్తే చాలు. 1980లో డెనిస్ రిచీ ఈ ఏర్పాటు చేశాడు. (నాయనమ్మ పాటకు నడిచే అనుమతి ఇచ్చి నడపమంటే, ఎ ఎం ఆర్ అనే పేరుగల ప్రోగ్రాం కోసం వెతికి, లేదని చెప్తుంది. చేసి చూశాను.) అందుకే ఎల్ ఎస్, సి పి లాంటి కమాండ్లకు తోక ఉండదు. ఈరోజు షెల్‌లో రాసిన కమాండును రేపు పైథాన్‌లో తిరగరాసినా పిలిచే పేరు మారనక్కరలేదు.

అలాగని తోకలన్నీ కోసెయ్యకండి. యూనిక్స్ తోకను అడగదు గానీ, యూనిక్స్ మీద పనిచేసే పనిముట్లు అడుగుతాయి. సి భాష ప్రోగ్రాంకు డాట్ సి తీసేసి జీసీసీకి ఇస్తే, అది ప్రోగ్రాం అనుకోదు, నేరుగా లింకర్‌కు పంపేస్తుంది, లింకర్ గుర్తుపట్టలేక గొడవ చేస్తుంది. చిన్న సి పెడితే సి భాష, పెద్ద సి పెడితే సి ప్లస్ ప్లస్. ఈ తేడాతో నేను ఒక పీరియడ్ అంతా పోగొట్టుకున్నాను. 1976లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన 'మేక్' కూడా తోకలు చూసే దేని నుంచి ఏది తయారుచేయాలో తెలుసుకుంటుంది. జీజిప్ అయితే తెలియని తోక ఉన్న ఫైలును విప్పనే విప్పదు. డాట్ టార్ డాట్ జి జెడ్ అని రెండు తోకలు కనిపిస్తే కుడి నుంచి చదవాలి: ముందు నొక్కినది విప్పాలి, తరువాత మూట విప్పాలి. చుక్క పేరు ముందుంటే అది తోక కాదు, ఆ ఫైలును ఎల్ ఎస్ మామూలుగా చూపించదు, అంతే.

తోకను గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో 2000 మే నెలలో లోకమంతా చూసింది. ప్రేమలేఖ అని ఈ-మెయిల్‌లో ఒక ఫైలు వచ్చింది. దానికి టి ఎక్స్ టి, వి బి ఎస్ అని రెండు తోకలు. విండోస్ చివరి తోకను దాచి చూపించేది. జనం ఉత్తరం అనుకుని తెరిచారు. అది వైరస్.

నా పాట సంగతికొస్తే, 'ఎం వి' కమాండుతో మళ్ళీ డాట్ ఎ ఎం ఆర్ తగిలించాను. సారు గారి కంప్యూటర్‌లో కూడా వి ఎల్ సి దాన్ని తెరిచింది. సారు రెండుసార్లు విని, ఇంకో నకలు తన దగ్గర పెట్టుకున్నారు. మీ పెన్‌డ్రైవ్‌లలో ఏ తోకా లేని ఫైళ్ళు, ఎక్కడా తెరుచుకోని ఫైళ్ళు ఉంటే తీసెయ్యకండి. శనివారం సాయంత్రం లాబ్‌కు తెండి, మూత తీసి చూద్దాం.